చక్రం వెనక రాయి

మేనల్లుడు జగ్గారావు పిన్ను నొక్కి
టైర్లలో గాలి వదిలేశాడు.
"సగం చాలు మావా. గట్టిగా కొడితే కంకర నిన్ను ఎగరేస్తాది,
మెత్తగుంటే రోడ్డుని పట్టుకుంటాది."
ముప్పై ఒక్క ఏళ్లు సాలూరు ఘాటీలో
పదహారు టన్నుల ముందు కూర్చున్నవాణ్ణి,
టైరుని సుత్తితో కొట్టి ఖంగుమంటేగానీ
సుంకి గేటు దాటనివాణ్ణి.
నాకు గాలి తియ్యడం నేర్పుతున్నాడు.

సరే అన్నాను.

పొట్టంగి దాటిన కాసేపటికి తారు ఆగిపోయింది,
ఎవరో మాట మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు.
ఆ తర్వాత ఎర్ర గ్రావెలు, పైకి, దేవమాలి వైపు,
మంచులో సగం కనపడుతూ
సగం ఊహించుకోమంటూ.

మొదటి మలుపులో
బొటనవేలు హారన్ కోసం వెతికింది.
హేండిల్‌కి గంట కూడా పెట్టలేదు వాడు.
"ఎవరికి కొడతావు?" అన్నాడు.

నిజమే, ఎవరికి?
బాక్సైటు లారీల్లేవు, జైపూరు బస్సు లేదు,
ఎదురుగా లైటు దించని వెధవ ఒక్కడూ లేడు.
టైరు కింద గులకలు మాత్రం
చాటలో చోళ్లు చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు.
నేనాగితే అదీ ఆగుతుంది.
ఇంత చిన్న చప్పుడుతో కొండెక్కొచ్చని
నాకెవరూ చెప్పలేదు.

ఇన్నేళ్లు ఘాటీలో ఏం చూశావంటే
ముందు బండి వెనక రాతలు అప్పజెప్పగలను.
లోయ ఉందని తెలుసు, పడ్డవాళ్ల పేర్లు తెలుసు.
వలిసెలు పూస్తాయని విన్నాను.
ఇవాళ అవి రెండు పక్కలా
మోకాలికి తగిలేంత దగ్గర,
పెళ్లి పసుపు దంచేటప్పుడు రోటి చుట్టూ లేచే
ఆ పొడిలోంచి వెళ్తున్నట్టు.

రెండో గెడ్డ దాటాక దారి నిలువుగా లేచింది.
చిన్న గేరు. ఇంకా చిన్నది. ఇంక లేదు.
తొడల్లోంచి బ్రేకు లైనింగు కాలిన వాసన వస్తుందేమో అనిపించింది.
దిగాను.
దిగి, నేనేం చేస్తున్నానో చూసుకోకుండానే
వంగి పిడికెడు రాయొకటి తీసి
వెనక చక్రం కింద పెట్టాను.

గురువులు పని అది.
ఇంజను ఊపిరాడక నిలబడ్డప్పుడల్లా
కదిలే బండిలోంచి దూకి, రాయి పెట్టి
"ఆగింది అన్నా" అనేవాడు.
వానలో, అర్ధరాత్రి, ఒళ్లు కాలే జ్వరంలో.
పదకొండో మలుపులో ఒకసారి రాయి జారింది.
రాయే జారింది. నేను బ్రేకు వదల్లేదు.
పోలీసులకీ అదే చెప్పాను,
వాళ్లమ్మకీ అదే చెప్పాను.

మంచులోంచి ఒకావిడ దిగొచ్చింది,
నెత్తిన అల్లం బుట్ట, వెనక మేక.
నన్ను చూడగానే రోడ్డు వదిలేసి
గట్టెక్కి నిలబడింది, లారీకి తప్పుకున్నట్టు.
"రా అమ్మా, ఇది సైకిలే" అన్నాను.
ఆవిడ దేశియాలో ఏదో అంది.
చక్రం చూసింది. రాయి చూసింది. నన్ను చూసింది.
బుట్ట ఒక చేత్తో, పొట్ట ఒక చేత్తో పట్టుకుని
ఒకటే నవ్వు.
మేక కూడా ఆగి చూసింది.
నాకూ నవ్వొచ్చింది. తర్వాత వచ్చింది నవ్వు కాదు.
అది ఆవిడకి కనపడకుండా
దేవమాలి ఎంత దూరమని చేత్తో అడిగాను.
గడ్డం ఎత్తి పైకి చూపించింది. అంతే దూరం.

రాయి పెట్టినవాడే తీసి వెళ్లాలి,
లేకపోతే వెనకొచ్చే బండి దానిమీదెక్కి తిరగబడుతుంది.
గురువులు ఒక్కనాడూ మర్చిపోలేదు.

ఈ దారిలో వెనక ఏ బండీ రాదు.
అయినా తీశాను.
పక్కన పడెయ్యలేదు.
సీటు కింద చిన్న సంచిలో, పంక్చరు సామాను పక్కన
పట్టదేమో అనుకున్నాను,
పట్టింది.
ఎక్కుతుంటే బరువు తెలుస్తోంది.